గోడ మీద "అధిక ఉష్ణోగ్రత" అని రాస్తే మా ఊళ్లో ఎవరికీ పట్టలేదు. మీ ఊళ్లో ఏమంటారు?

పల్నాటి_బడి

అందరికీ నమస్కారం. పల్నాడులో ఒక చిన్న ఊరి బడిలో టీచరుగా పనిచేస్తున్నాను. రెంటచింతల మాకు దగ్గరే, కాబట్టి మా ఎండల గురించి వేరే చెప్పక్కర్లేదు.

మా ఊరి ఆశా కార్యకర్త నిన్న బడికి వచ్చి, గోడ మీద రాయించడానికి ఎండల జాగ్రత్తలు నాలుగు ముక్కల్లో రాసిపెట్టమన్నారు. ఆమె దగ్గర ఉన్న కాగితంలో "అధిక ఉష్ణోగ్రతల దృష్ట్యా ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను, ఉష్ణతాపమునకు గురికారాదు" అని ఉంది. పోయినేడు అదే రాయించారు. మిరప కల్లాల్లో తొడిమలు తీసే ఆడవాళ్లను అడిగితే, అది ఏదో పథకం గురించి అనుకున్నామన్నారు.

అదే ఆడవాళ్లు నాతో మాట్లాడిన పది నిమిషాల్లో ఏమన్నారో రాసుకున్నాను. "ఎనిమిదింటికే చుర్రుమంటంది." "పట్టా కింద ఉక్క పోస్తంది." "మొన్న మా తోడికోడలికి వడ కొట్టింది." "రేకుల సెగకి పిల్లోడు రాత్రంతా నిద్రపోలా." నాలుగు మాటలు, నాలుగు వేర్వేరు కష్టాలు. కాగితంలో మాత్రం ఒక్కటే ఉంది, ఉష్ణోగ్రత.

మీ దగ్గర ఏ వేడికి ఏ మాట వాడతారు? ఎప్పుడు వాడతారు? నాకు నిఘంటువు అర్థం అక్కర్లేదు. ఇంట్లో, పొలంలో అనే మాట కావాలి.

---

పదాల_మూట

టీచర్ గారూ, మంచి పని మొదలుపెట్టారు. చాలా ఏళ్లు పత్రికలో డెస్కు మీద పనిచేశాను, ఈ మాటలంటే నాకు ప్రాణం.

ఒక్కో వేడికి దాని క్రియ దానికి ఉంది, అది గమనించండి. ఎండ కాస్తుంది. ఉక్క పోస్తుంది. వడ కొడుతుంది, లేదా తగులుతుంది. సెగ కొడుతుంది, కక్కుతుంది. వేడి మాత్రం "చేస్తుంది". "మామిడిపండ్లు ఎక్కువ తిన్నాడు, వేడి చేసింది" అంటాం. అది బయటి ఎండ కాదు, ఒంట్లోది. దానికి ఎదురుమాట చలవ. సబ్జా చలవ చేస్తుంది, మజ్జిగ చలవ చేస్తుంది.

ఈ క్రియల్ని అటూ ఇటూ మార్చి చూడండి. "ఉక్క కాస్తోంది" అని ఎవరూ అనరు. "ఎండ పోస్తోంది" అని చంటిపిల్ల కూడా అనదు. చెమట పోస్తుంది కాబట్టి ఉక్కా పోస్తుంది. ఎండ పైనుంచి కాస్తుంది, వెన్నెల కూడా కాస్తుంది. అడవిగాచిన వెన్నెలలో ఉన్నది ఆ కాయడమే. చల్లని వెలుగుకీ మండే వెలుగుకీ ఒకే క్రియ పెట్టుకున్నాం.

"నిప్పులు చెరుగుతున్న ఎండ" అని శీర్షికల్లో ఎన్నిసార్లు పెట్టి ఉంటానో లెక్కలేదు. ఒకసారి మా అమ్మ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతుంటే, ఎగిరి పడే గింజల్ని చూస్తూ ఆ మాటని మొదటిసారి నిజంగా విన్నాను. సూర్యుడు చేట పట్టుకుని నిప్పుల్ని అలా ఎగరేస్తున్నాడన్నమాట.

---

మానేరు_ఒడ్డు

మా దిక్కు ఎండ కాయదు అన్నా, కొడుతది. "ఎండ మస్తు కొడుతుంది" అంటం. ఉక్కపోత అనే మాట నేను టీవీలోనే విన్న. మా ఇంట్ల "ఉడ్క పోస్తుంది" అంటరు. అన్నం ఉడుకుడుల ఉన్న ఉడుకే అది. మూత పెట్టిన గిన్నెల ఉన్నట్టు ఉంటది కాబట్టి నాకైతే ఆ మాటే సరిగ్గ అనిపిస్తది.

మా బాపు సింగరేణిల పనిచేసిండు. రామగుండం ఎండలు అందరికీ తెలుసు. కని బాపు ఏమనేటోడంటే, "బాయిల ఎండ ఉండది బిడ్డా, ఉడ్కనే ఉంటది." బాయి అంటే బొగ్గు గని. భూమి లోపల సూర్యుడు లేడు, గాలి తక్కువ, బనీను పిండితే నీళ్లు కారేవట. తర్వాత ఓపెన్‌కాస్ట్‌కు మారినంక "ఇప్పుడు ఎండ దొరికింది, ఉడ్క పోయింది" అనేటోడు. రెండూ ఒంటి మీద పడ్డ మనిషి చెప్పిన తేడా అది.

ఇంకోటి. యాసంగి అని మేము అనే పంట పేరు వేసంగి నుంచే వచ్చింది. చలికాలంల నాటు వేసినా, ఎండలు ముదిరే యాళ్లకు కోతకొస్తది కాబట్టి దానికి ఎండాకాలం పేరు పడ్డది.

---

విశాఖ_తీరం

నాది ఉక్క ఊరు. టీవీలో రెంటచింతల 45, రామగుండం 44 అని చెప్పి, విశాఖపట్నం 34 అనగానే మా చుట్టాలు ఫోన్ చేసి "మీకేం, హాయిగా ఉన్నారు" అంటారు. హాయి లేదండీ! ఆకు కదలదు. స్నానం చేసి తుడుచుకునేలోపే మళ్లీ తడుస్తాం. మధ్యాహ్నం కాసేపు సముద్రపు గాలి తిరిగితే ప్రాణం లేచొస్తుంది, అది తిరగని రోజు సాయంత్రం ఆరైనా వీపుకి చొక్కా అంటుకునే ఉంటుంది.

నా ఫోన్‌లో వాతావరణం చూపించే యాప్ ఒకటి తెలుగులో పెట్టుకున్నాను. మొన్న మే నెలలో ఒక రోజు "ఈ రోజు వెచ్చగా ఉంటుంది" అని చూపించింది. మా అత్తయ్యకు చదివి వినిపిస్తే, "వెచ్చగా ఏమిటే, చలికాలంలో దుప్పటి కదా వెచ్చగా ఉండేది" అన్నారు. ఎంత నిజం! వెచ్చన అంటే మనకి సుఖం. వెచ్చని పాలు, తల్లి ఒడి, కుంపటి పక్కన చోటు. మంచులో బతికేవాళ్లకి వెచ్చటి రోజు పండగ, అందుకని వాళ్ల మాటని తెచ్చి మన మే నెలకి అతికించారు. మనకి పండగ అనిపించేది చల్లటి రోజు.

---

పదాల_మూట

విశాఖ గారూ, అత్తయ్యగారికి నా నమస్కారం చెప్పండి. వేడి, వెచ్చన, వేగు, వేపు, వేసవి అన్నీ ఒకే కుటుంబం. ఒకే మూలం నుంచి వచ్చి, ఒకటి సుఖం వైపు, ఒకటి కష్టం వైపు, ఒకటి మూకుడులోకి వెళ్లాయి. వెచ్చనలోనూ మెట్లున్నాయి, నులివెచ్చన, గోరువెచ్చన. వీటిలో ఏదీ వాతావరణానికి వాడం, నీళ్లకీ పాలకీ వాడతాం. ఎండలో మెత్తనిది నీరెండ. పసిపిల్లలకి నూనె రాసి కూర్చోబెట్టేది అందులోనే.

---

పల్లె_వైద్యం

ఒక పల్లె ఆసుపత్రిలో డాక్టరుగా పన్నెండు వేసవులు చూశాను. టీచర్ గారి గోడకి పనికొచ్చే విషయం చెప్తాను.

ఒళ్లు చల్లబడేది చెమట ఆరడం వల్ల, కారడం వల్ల కాదు. అనంతపురం లాంటి పొడి చోట చెమట పట్టగానే ఆరిపోతుంది, ఒళ్లు కాస్త చల్లబడుతుంది, కానీ ఎంత నీరు పోయిందో మనిషికి తెలియదు. విశాఖలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కాబట్టి చెమట కారుతుందే తప్ప ఆరదు. ఎండకీ ఉక్కకీ ఉన్న తేడా ఇదే. మన భాష ఈ రెండింటినీ ఎప్పుడో విడదీసింది. కాగితాల్లో మళ్లీ కలిపేశారు.

వాతావరణ శాఖ లెక్కలోనూ ఈ తేడా కొంత ఉంది. మైదానంలో 40 డిగ్రీలు చేరితేనే వడగాలుల మాట ఎత్తుతారు, తీరంలో 37కే, కొండ ప్రాంతంలో 30కే. దానికి తోడు మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. మైదానంలో 45 దాటితే ఇక మామూలుతో పోల్చడం కూడా లేదు, నేరుగా వడగాలి కిందే లెక్క. టీవీలో ఒక్క అంకె చెప్పి వదిలేస్తే ఇవన్నీ పోతాయి.

ఇంకొక మాట, నాకు చాలా ఇష్టమైనది. ఎండలో పడిపోయిన మనిషిని తెచ్చి "శోష వచ్చి పడిపోయాడు డాక్టరుగారూ" అంటారు. శోష అంటే సంస్కృతంలో ఎండిపోవడం. ఒంట్లో నీరు ఎండి మనిషి పడిపోయాడని వాళ్లు నాకు రోగమేమిటో చెప్పేస్తున్నారు. నాలుక పిడచకట్టింది, కళ్లు బైర్లు కమ్మాయి, శోష వచ్చింది. ఈ మూడూ చాలాసార్లు ఆ వరసలోనే వస్తాయి. ఆ తర్వాతిది మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం. అక్కడికి వస్తే అది వడదెబ్బే, నీళ్లు తాగి పడుకుంటే తగ్గేది కాదు.

---

తీరని_సందేహం

డాక్టరుగారూ, వడగాలి అనే మాట వల్లే ఇబ్బంది ఉందని నాకు అనిపిస్తుంది. అందులో గాలి ఉంది. గాలి లేని రోజు ప్రమాదం లేదనుకుంటారు. దానికి బదులు ఉష్ణతరంగం అని శాస్త్రీయంగా రాస్తే మేలు కదా? పుస్తకాల్లో అలాగే చూశాను.

---

మానేరు_ఒడ్డు

ఉష్ణతరంగం అని గోడ మీద రాస్తే మళ్ల అది ఏ పథకం అని అడుగుతరు.

---

పల్లె_వైద్యం

తీరని_సందేహం గారి ప్రశ్నలో సగం నిజం ఉంది. నా దగ్గరికి వచ్చిన వడదెబ్బ కేసుల్లో చాలామంది ముసలివాళ్లు. వాళ్లు ఎండలోకి వెళ్లనే లేదు. రేకుల ఇంట్లో, కిటికీ లేని గదిలో, మంచం మీద పడుకుని ఉన్నవాళ్లు. "ఎండలోకి పోలేదు గదండీ, వడదెబ్బ ఎట్లా?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. 2015 మే నెలలో మన రెండు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. ఆ నెల నేను మర్చిపోలేను.

కానీ దానికి మందు ఉష్ణతరంగం కాదు. మన దగ్గర వడ అనే చిన్న మాట ఉంది, గాలి లేకుండా. టీచర్ గారూ, మీ కల్లంలో ఆమె "వడ కొట్టింది" అంది చూడండి, ఆ మాట వాడండి. వడ గాలిలో ఉంటుంది, గదిలో ఉంటుంది, రేకుల కింద ఉంటుంది.

---

సీమ_మిద్దె

అనంతపురం నుంచి. మా తాత కట్టిన మట్టి మిద్దె ఇప్పటికీ ఉంది. పైన మట్టి, కింద కట్టె దంతెలు. బయట ఎంత మాడినా లోపలికి వస్తే చలవ. పక్కనే మా నాన్న శ్లాబు ఇల్లు కట్టాడు. పగలంతా తాగిన వేడిని ఆ శ్లాబు రాత్రి పన్నెండు దాకా మా మీద కక్కుతుంది. "ఎండ పోయినా సెగ పోలేదు" అంటుంది మా అమ్మ. సెగ అంటే మాకు అదే. మంట కనపడదు, దాని వేడి తగులుతుంది. పొయ్యి ఆర్పినాక కూడా సెగ ఉంటుంది కదా, అట్లా.

గోడ మీద రాసేటప్పుడు పగటి మాటే కాకుండా రాత్రి మాట కూడా రాయండి టీచర్ గారూ. రాత్రి చల్లబడకపోతే మర్నాడు ఎండను ఒళ్లు ఓర్చుకోలేదు.

---

పంచాంగం_పుటలు

వృత్తిరీత్యా లెక్కల మాస్టారిని, పంచాంగం నాకు సరదా. ఒక చిక్కు ఉంది, దాని గురించి ఎవరూ పట్టించుకోరు.

బడిలో ఆరు ఋతువులు నేర్పుతాం. చైత్ర వైశాఖాలు వసంతం, జ్యేష్ఠ ఆషాఢాలు గ్రీష్మం. కానీ మన నేల మీద చూడండి. ఎండలు మండిపోయేది ఏప్రిల్, మే నెలల్లో. అంటే చాలావరకు "వసంతం"లో. గ్రీష్మం సగంలో ఉండగానే జూన్‌లో నైరుతి వచ్చేస్తుంది, ఆషాఢంలో నాట్లు పడుతుంటాయి. ఆ ఆరు పేర్లు ఉత్తరాది వాతావరణానికి బాగా కుదురుతాయి. మనం బతికేది మూడు కాలాలతో, ఎండాకాలం, వానాకాలం, చలికాలం. ఎండాకాలం అన్న మాటలోనే ఎండటం ఉంది. బావి ఎండేది, చెరువు ఎండేది, మిరపకాయ ఎండేది ఆ కాలంలోనే.

ఇంకా సూక్ష్మమైన లెక్క రైతుల దగ్గర ఉంది, కార్తెలు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో దాదాపు రెండు వారాలు ఉంటాడు. ఏప్రిల్ చివర భరణి, మే 11 ప్రాంతంలో కృత్తిక, 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి" అన్నది అందరికీ తెలిసిందే. మే 4 మొదలుకుని 28 దాకా కర్తరి అంటారు, ముందు చిన్న కర్తరి, తర్వాత పెద్ద కర్తరి. ఆ రోజుల్లో ఇంటి పని మొదలుపెట్టరు, చెట్టు కొట్టరు. దోషమని చెప్తారు. నాకు మాత్రం ఆ ఎండలో మట్టి మోసే కూలీకీ, నీడనిచ్చే చెట్టుకీ అది సెలవులా కనిపిస్తుంది.

"సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు" అన్నది కూడా మన దగ్గర ఉత్త పోలిక కాదు. రెండు రాష్ట్రాలూ కర్కట రేఖకి దక్షిణాన ఉన్నాయి కాబట్టి ఏడాదికి రెండుసార్లు సూర్యుడు నిజంగానే నెత్తి మీదికి వస్తాడు. తిరుపతిలో ఏప్రిల్ చివర, హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టులో. ఆ మధ్యాహ్నం నిలువుగా పాతిన కర్రకి నీడ ఉండదు. మా పిల్లలతో ప్రతి ఏడూ చూపించి రాయిస్తాను. టీచర్ గారూ, మీ ఊళ్లో మే మొదటి వారంలో వస్తుంది. బడికి సెలవులే అయినా పిల్లల్ని పిలవండి.

---

పల్నాటి_బడి

మాస్టారూ, తప్పకుండా పిలుస్తాను! రోకలి నిలబెట్టి చూపిస్తాను.

---

కువైట్‌లో_జగిత్యాల

అన్నలకు, అక్కలకు నమస్తే. పదకొండేండ్లయింది నేను ఇక్కడికి వచ్చి. కన్‌స్ట్రక్షన్ పని.

2016 జూలైలో ఇక్కడ మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు పడ్డది. అప్పుడు నేను ఇక్కడనే ఉన్న. మీరు చెప్పుకునే మాటలన్నీ మేము రూములో రోజూ వాడతం. జూన్, జూలైల ఇక్కడ ఉడ్క ఉండదు. గాలి వస్తది, కని బట్టీ తలుపు తెరిస్తే ముఖానికి కొట్టినట్టు వస్తది. చెమట కనపడదు. సాయంత్రం చొక్కా విప్పితే వీపు మీద తెల్లటి ఉప్పు చారలు ఉంటయి, అప్పుడు తెలుస్తది ఎంత పోయిందో. డాక్టర్ సార్ చెప్పింది అదే. ఆగస్టు చివర్ల సముద్రం దిక్కు నుంచి తేమ వస్తది, అప్పుడు ఉడ్క మొదలు. కోనసీమ తమ్ముడు ఒకడు మా రూముల ఉంటడు, ఆ రోజు పొద్దున్నే "అన్నా, ఉక్క వచ్చేసింది" అంటడు. నేను ఉడ్క అంట. పేరు వేరు, బాధ ఒకటే.

జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు బయటి పని చేయించొద్దని ఇక్కడ రూలు. కొత్తగ వచ్చిన పోరగాండ్లు నీడ దొరికింది కదా అని ఆ ఐదు గంటలు నీళ్లు తాగరు. నేను వాళ్లకు చెప్పేది ఒక్కటే. దప్పిక కాకముందే తాగు. దప్పిక అయ్యిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. టీచరమ్మా, ఈ మాట మీ గోడ మీద రాయండి.

---

గోదారి_గట్టు

వడపప్పు గురించి ఎవరూ ఎత్తలేదు. శ్రీరామనవమికి పానకం, వడపప్పు పెడతాం కదా. వడకి విరుగుడు కాబట్టి వడపప్పు అని మా నాయనమ్మ చెప్పేది. నానబెట్టిన పెసరపప్పు చలవే. ఎండలు ముదిరే ముందే పండగ పేరుతో అందరి నోట్లోనూ చలవ పెట్టేవాళ్లు. తరవాణి తాగి పొలానికి వెళ్లిన రోజులు నాకు ఇంకా గుర్తు.

చలివేంద్రం అనే మాట కూడా చూడండి. అక్కడ ఇచ్చేది నీళ్లు, కానీ పేరు చలితో పెట్టాం. దాహం తీర్చడమే కాదు, చల్లదనం ఇవ్వాలని.

---

పదాల_మూట

రాత్రి పాత పేపర్లు తిరగేస్తుంటే ఒకటి తట్టింది. ఈ వేడి మాటలన్నీ రాజకీయాల్లోకి వెళ్లాయి. ఎన్నికల వేడి, నిరసన సెగ, కాక రేపిన ప్రకటన, ధరల మంట. పార్టీలో ఇమడలేనివాడికి ఉక్కపోత. ఎండ మాత్రం ఎక్కడా లేదు! "రాజకీయ ఎండ" అని నేను ఎన్నడూ రాయలేదు, ఎవరు రాయగా చూడనూ లేదు. తక్కినవన్నీ మనుషులు రాజేయగలరు. ఎండను ఎవరూ రాజేయలేరు.

ఉష్ణోగ్రత గురించి కూడా. ఉష్ణం, ఉగ్రత కలిసిన మాట అది. లంబసింగిలో నీళ్లు గడ్డకట్టే రోజున కూడా "కనిష్ఠ ఉష్ణోగ్రత సున్నా" అని రాస్తాం. కొలతకి ఆ మాట ఉండాల్సిందే, దాని మీద నాకు కోపం లేదు. డిగ్రీల పక్కన ఉండనివ్వండి. మనిషి ఒంటికి ఏమవుతుందో చెప్పాలంటే మాత్రం వడ, ఉక్క, సెగ కావాలి.

---

పల్నాటి_బడి

అందరి మాటలూ నోట్‌బుక్‌లో ఎక్కించుకుని, ఈ రోజు సాయంత్రం కల్లంలో వాళ్లకి చదివి వినిపించి రాసింది ఇది. తప్పులుంటే చెప్పండి.

"ఎండ చుర్రుమనకముందే పని మొదలుపెట్టండి. పదకొండు దాటితే నీడకి రండి.
దప్పిక కాకముందే తాగండి. మజ్జిగ, గంజి, ఉప్పు వేసిన నిమ్మనీళ్లు.
ఆకు కదలని రోజు నీడలో ఉన్నా వడ కొడుతుంది. పట్టా పక్కలు పైకి కట్టి గాలి ఆడనివ్వండి.
రేకుల సెగలో ముసలివాళ్లని, పసిపిల్లల్ని ఒంటరిగా ఉంచొద్దు. తడిగుడ్డతో ఒళ్లు తుడవండి.
మాట తడబడితే వడదెబ్బే. నీడకి చేర్చి, ఒంటి మీద నీళ్లు చల్లి, 108కి ఫోన్ చేయండి."

---

పల్లె_వైద్యం

చాలా బాగుంది. ఒక్కటి చేర్చండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. ప్రేమతోనే పోస్తారు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

---

సీమ_మిద్దె

రాత్రి మాట?

---

పల్నాటి_బడి

డాక్టరుగారూ, అది చివర చేరుస్తున్నాను. సీమ గారూ, నిజమే, మర్చిపోయాను. "రాత్రి శ్లాబు సెగ కక్కితే ఆరుబయట మంచం వేసుకోండి" అని రాయనా? పాములూ తేళ్లూ ఉంటాయి కాబట్టి నేల మీద పడుకోవద్దని కూడా రాయాలి. గోడ మీద ఇంకో రెండు వరసలకి చోటుంది. పెయింటర్ రేపు ఉదయం ఆరింటికి వస్తానన్నాడు, ఎండెక్కకముందే.